ఎదురుచూసిన ఫోన్

ఎట్టకేలకు ఫోన్ మోగింది. టైలరమ్మ కుడుతున్న జాకెట్టు మిషన్ మీదే వదిలేసి పరుగెత్తింది.

కొడుకు గదిలో తలుపేసుకుని నెలలవుతోంది. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కాళ్లూ చేతులూ మాట వినకపోయినా డిగ్రీ దాకా నెట్టుకొచ్చాడు. ఇప్పుడు మనసు మొండికేసింది. బతకాలని లేదంటున్నాడు.

ఆమె వాణ్ణి బతిమాలి వెంటబెట్టుకుని కాళ్లరిగేలా తిరిగింది.

పిల్లల ఆసుపత్రిలో, "ఇంకా పిల్లాడేంటమ్మా?" అన్నారు.

నరాల డాక్టరు, "దిగులుకి మా దగ్గర మందు లేదు" అన్నాడు.

మనసు డాక్టరేమో, "ఇది నరాల జబ్బు కదా?" అని మళ్లీ మొదటికే తోలాడు.

ఒక్కడూ కుర్రాడి మొహం చూసి మాట్లాడలేదు. వాడు నోరు తెరిచేలోపే ఆమెను అడిగేవారు.

చివరికి ఓ సహాయ కేంద్రం వాళ్లు, మాట్లాడి ధైర్యం చెప్పే కౌన్సెలర్ ఫోన్ చేస్తాడన్నారు.

"నా బాధ వాళ్లకేం తెలుసమ్మా?" అన్నాడు కొడుకు తలుపు వెనక నుంచి. "నీకోసం ఒక్కసారి మాట్లాడతా. ఇదే ఆఖరు."

ఆమె ఆశగా ఫోనెత్తింది.

అవతల చాలాసేపు గాలి చప్పుడే. తర్వాత ఓ ముద్దగొంతు.

"అ...మ్మా... బా...బు... ఉన్నా...డా?"

"ఎవరూ?"

"కౌ...న్సె..." మధ్యలో గుటక పడింది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"పట్టపగలే తాగొచ్చావా? సిగ్గులేదూ? ఇక్కడ నా బిడ్డ నాకు దక్కుతాడో లేదోనని నేను చస్తుంటే!"

"కా...దమ్మా... ఒక్క... ని..."

టక్కున పెట్టేసింది. వెంటనే ఆ కేంద్రానికి ఫోన్ చేసి, ఎత్తిన అమ్మాయిని కడిగి పారేసింది.

"చేశాడా?" అన్నాడు కొడుకు.

"ఎవడో తాగుబోతురా. తిట్టి పెట్టేశా."

"చెప్పాగా" అన్నాడు. లోపల గడియ పడింది.

ఆమె చీరచెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియలేదు.

సాయంత్రం కేంద్రం మేడమ్ ఫోన్ చేసింది.

"ఆయన మానేశారమ్మా. ఇక ఫోన్లు చెయ్యలేనన్నారు. ఎంత బతిమాలినా ఆగలేదు."

"మానక! తాగి మాట్లాడితే ఊరుకుంటారా?"



"ఆయన జన్మలో తాగలేదమ్మా, మీ అబ్బాయికున్న జబ్బే ఆయనకూ ఉంది, ఆయనకి మాట మీద కూడా పడింది, అందుకే ఆ అబ్బాయితో నేనే మాట్లాడతానని అడిగి మరీ మీ నంబరు తీసుకున్నారు."