వణుకును ఇంగ్లిష్‌ల ఏమంటరు?

స్వర్ణలత చేతిలోని మార్కర్ బోర్డుకు తగిలి టకటకమంది.

'మై నేమ్ ఈజ్' అని రాయబోయింది. మొదటి అక్షరం రంపంలా వచ్చింది.

ముందు బెంచీలో ఉన్న సెల్‌ఫోన్ షాపు లక్ష్మణ్ పక్కవాడిని మోచేత్తో పొడిచాడు.

రెజిమెంటల్ బజార్‌లో టైర్ల షాపు మీద ఉన్న గది అది. కింద 'సామ్యూల్ ఇంగ్లిష్ క్లాసులు' అని బోర్డు ఉంటుంది. సామ్యూల్ అంటే ఎప్పుడో ఇక్కడ ఉండి వెళ్లిపోయిన దొర అయ్యుంటాడని స్వర్ణలత అనుకుంది. ఇప్పుడు నడిపేది కలీముల్లా. ఆయన షరతు ఒక్కటే. ఉచిత డెమో క్లాసుకు వచ్చినవాళ్లలో సగం మంది చేరితే ఆమెకు ఉద్యోగం. లేకపోతే సోమవారం నుంచి చిలకలగూడలో బాబాయి చీరల షాపు, బిల్లుల కౌంటర్. ఇంతకుముందు పనిచేసిన బడి నుంచి ఆమెను ఇంటికి పంపింది కూడా ఈ వణుకే.

వెనక బెంచీలోంచి ఒక ముసలాయన లేచాడు. మెడకు మఫ్లరు, చేతిలో కూరగాయల సంచి. పేరు పర్వతాలు అని ఇందాక చెప్పాడు.

"మేడమ్, ఒక డౌటు. మీ చెయ్యి గిట్ల గిట్ల అయితుంది గదా. దాన్ని ఇంగ్లిష్‌ల ఏమంటరు?"

గదంతా నవ్వింది.

స్వర్ణలత చెవులు వేడెక్కాయి.

"ట్రెంబుల్."

"షివర్ అంటే గలత్ అయితదా?"

"అవుతుంది. షివర్ ఎక్కువగా చలికి. చలిజ్వరం వచ్చినా షివరే. భయానికి, కోపానికి ట్రెంబుల్."

"మరి మీది దేనికి?"

"ఇందాక భయానికి. ఇప్పుడు కోపానికి."

మళ్లీ నవ్వారు. ఈసారి ఆమె పక్షాన.

పర్వతాలు కూచోలేదు. "గట్లనా. మా ఇంటి ముందల్నించి లారీ పోతే కిటికీలు షివర్ అయితయి మేడమ్."

"కిటికీలకు చలెందుకు పెడుతుంది? అవి షేక్ అవుతాయి. ఏది ఊగినా షేక్, దేన్ని ఊపినా షేక్. చెట్టు కొమ్మ, మందు సీసా, కాలు విరిగిన బల్ల, అన్నిటికీ పనికొస్తుంది."

"షేక్ అంటే పాలల్ల అరటిపండు ఏసి ఇచ్చేది గాదా? మొన్న స్టేషన్ కాడ తాగిన."

"అదీ ఊపి చేసేదే కాబట్టి ఆ పేరు. కూచోండి."

"ఒక్కటి మేడమ్. మా మనుమరాలికి ఏడుపొచ్చే ముందల పెదవి షడ్డర్ అయితది."

"క్వివర్. పెదవి సన్నగా అదిరితే క్వివర్. షడ్డర్ అంటే ఒళ్లు ఒక్కసారి జలదరించడం. బల్లి మీద పడితే షడ్డర్."

"బల్లికా, మనకా?"

"మనకండీ."

లక్ష్మణ్ చెయ్యెత్తాడు. "భూకంపం, మేడమ్?"

"క్వేక్. భూమి కంపిస్తే క్వేక్. అంత భయం వేసి మనిషి వణికినా క్వేక్ అనొచ్చు."

"అయితే మా ఇంటామెను జూసి నేను రోజు క్వేక్ అయిత," అన్నాడు పర్వతాలు.

"కరెక్ట్. ఒక్కటన్నా కరెక్ట్ చెప్పారు."

చప్పట్లు కొట్టారు. స్వర్ణలత మిగతా మాటల కింద 'క్వేక్'నూ బోర్డు మీదికి ఎక్కించి గీత గీసింది.

క్లాసు అయ్యాక జనం కలీముల్లా బల్ల చుట్టూ మూగారు. లక్ష్మణ్ అందరికంటే ముందున్నాడు. వెనక బెంచీలో పర్వతాలు సంచి సర్దుకుంటున్నాడు. స్వర్ణలత అక్కడికి వెళ్లింది.

"పెద్దాయనా, ఏమనుకోవద్దు. మీరు చేరొద్దు. చెప్పింది చెప్పినట్టు తలకిందులు చేస్తున్నరు. మీతోని మిగతావాళ్ల టైమంతా పోతది. రేపటి నుంచి ఈ గదిలకు రావద్దు."

"పక్కానా మేడమ్?"

"పక్కా."

"మంచిది," అన్నాడాయన. బతిమాలలేదు, నొచ్చుకోలేదు. పని అయిపోయినవాడిలా మఫ్లరు బిగించుకుని మెట్లు దిగాడు.

గది ఖాళీ అయింది. కలీముల్లా వచ్చాడు.

"ముబారక్ అమ్మా. సగం మంది చాలంటే అందరు చేరిన్రు. ఒక్కాయన తప్ప."

"ఆయనను నేనే ఎల్లగొట్టిన సార్. అట్లాంటోడు ఒక్కడుంటే బ్యాచ్ మొత్తం ఖరాబ్ అయితది."

కలీముల్లా నవ్వాడు.

"నేను సుత ఎల్లగొట్టిన. నా ఫస్ట్ డెమోల 'ఈట్' అంటే తాగుడని, 'డ్రింక్' అంటే పండుడని పరేషాన్ చేసిండు. మెడ వట్టి నూకుడొక్కటే తక్కువ."

"మరి మళ్లీ ఎందుకు రానిస్తున్నరు?"

"కొత్త టీచర్ వచ్చినప్పుడల్లా వస్తడు. తప్పులు చెప్పేటోడు ముందల ఉంటే టీచర్‌కు తన భయం యాదికి రాదంటడు. జెర బోర్డు సూడు."

స్వర్ణలత చూసింది. పైన రంపంలాంటి అక్షరం. కింద, గీత గీసిన మాట దగ్గరికి వచ్చేసరికి దారం పట్టి రాసినట్టు ఉంది.

కిటికీ దగ్గరికి పరుగెత్తింది. బజారులో ఆటోలు, తోపుడుబండ్లు. మఫ్లరు ఎక్కడా కనిపించలేదు.

"పర్వతాలు గారి నంబరు ఇయ్యండి సార్. మాఫీ అడగాలె."

"ఫోన్ చేస్తే ఏం ఫాయిదా? నేనెప్పుడొచ్చిన, నేను గాదు అంటడు. నాతోని ఇన్నేండ్ల సంది గదే మాట."

కలీముల్లా లైటు ఆర్పి, తాళంచెవి తీసి, ఆమెకు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇగ ఆయన పేరంటవా, పర్వతాలు గాదమ్మా. కిందికి పోయినంక మన బోర్డు మీద సదువుకో."