ఒక చుక్క నూనె

ఇరవై నాలుగు మడత కత్తులు, సగం సీసా నూనె, ఒక మెత్తటి గుడ్డ, మాట్లాడని తమ్ముడు ఒకడు. తండ్రి పోయాక ఇనుప సామాను వ్యాపారి చేతికి వచ్చిన ఆస్తి ఇదీ.

ఇల్లూ వాకిలీ సమానంగానే పంచిన తండ్రి, తాను ఏళ్ళ తరబడి పోగుచేసిన పాత కత్తుల్ని మాత్రం మొత్తం పెద్దవాడికే ఇచ్చాడు. "చిన్నోడు ఎవరడిగితే వాళ్ళకి ఇచ్చేస్తాడు. నువ్వైతే కాపాడతావు. వీటిని ఎవరికీ అమ్మెయ్యకు," అన్నాడు. ఆ కత్తుల కీళ్ళు బాగుచేసిందీ, పదును పెట్టిందీ ఆ చిన్నోడే. తాళాలు బాగుచేసే కొట్టు అతనిది. అన్న కొట్టుని ఆనుకునే ఉంటుంది. మధ్యలో ఒక్కటే గోడ. ఇటు దగ్గితే అటు వినిపిస్తుంది.

తండ్రి పోయిన ఆ వారంలోనే అన్న సగం కత్తులు పెట్టెలో సర్ది తమ్ముడి కొట్టుకి తీసుకెళ్ళాడు.

"ముష్టి నాకొద్దు, షావుకారుగారూ," అన్నాడు తమ్ముడు.

అంతే. 'అన్నయ్య' పోయి 'షావుకారుగారు' వచ్చాడు. 'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది. రెండేళ్ళయింది.

వ్యాపారి కొట్టులో కొసరు కూడా ఊరికే పెట్టడు. ఊరికే వచ్చినదాన్ని జనం మూల పడేస్తారని, గీచి గీచి బేరమాడి తెచ్చుకున్నదాన్నే గుండెకి హత్తుకుంటారని అతని లెక్క. అన్ని సరుకుల లెక్కా తేలింది కానీ ఈ కత్తుల లెక్కే తేలలేదు. అమ్మితే తండ్రి మాట పోతుంది. ఉంచుకుంటే తమ్ముడు పోతాడు. ఇస్తే తీసుకోడు.

కాబట్టి తుడుస్తూ కూర్చునేవాడు. సామాన్ల గదిలో, ఒక్క బల్బు కింద. పుల్లకి దూది చుట్టి కీలులో మురికి తియ్యడం. ఒక చుక్క నూనె వెయ్యడం. తెరిచి, మూసి, మైనం కాగితంలో చుట్టడం. గదికి కిటికీ లేదు. ఇనుప తలుపు. అందులో సరుకు అందించుకోవడానికి జానెడు సందు. అక్కడ కూర్చుంటే తనని కూడా ఎవరో పిడిలోకి మడిచేసినట్టు ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆ గదిలోంచి కేక వినిపించింది.

"ఎవరక్కడ? తలుపు పట్టేసింది! ఊపిరాడటం లేదు!"

వ్యాపారి భార్య పరిగెత్తుకొచ్చి తలుపు లాగింది. కదల్లేదు. పక్క కొట్టుకి వెళ్ళి మరిదిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ముందు మనిషిని బయటికి తియ్యి నాయనా. మీ పంతాలు తర్వాత."

తాళం చెవి బయటే వేలాడుతోంది. తమ్ముడు తిప్పాడు. సాఫీగా తిరిగింది. తలుపు మాత్రం రాలేదు. అతను ఒక్క క్షణం తలుపుకేసి చూసి, సంచి కింద పెట్టాడు.

"ఏం షావుకారుగారూ, సరుకుతోపాటు మీరూ నిల్వలోకి చేరారా?"

"పరాచికాలాపు. తీస్తావా, తియ్యవా?"

"తీస్తా. కూలి?"

"గల్లాపెట్టె బయటే ఉంది. కావలసింది తీసుకో."

"పరాయి గల్లాపెట్టెలో చెయ్యి పెట్టను. లోపల ఏముంది?"

"నాన్న కత్తులు తప్ప ఏం లేవు."

తమ్ముడు సంచిలోంచి సుత్తి తీశాడు.

"అయితే కొమ్ము పిడిది ఇవ్వండి."

"అమ్మో! అదొక్కటీ అడక్కు."

"సరే, తీరిగ్గా రేపొస్తా."

"ఆగు, ఆగు! నాన్న పోలికే నీది, పీక మీద కూర్చుంటావు."

కొమ్ము పిడి కత్తి సందులోంచి బయటికి వచ్చింది. తమ్ముడు సుత్తితో రెండుసార్లు తట్టాడు.

"తాళం నాలుక ఇరుక్కుంది. ఇంకోటి కావాలి. ఇత్తడిది."

"ఒక్క తలుపుకి రెండా? పట్టపగలు దోపిడీ!"

"బయటుంటే తెలిసేది పగలో రాత్రో."

ఇత్తడిది వచ్చింది. తర్వాత బందు వంగిందన్నాడు, ముత్యపు చిప్ప పిడిది అడిగాడు. చట్రం బిగుసుకుందన్నాడు, రెండు వైపులా అలుగులు తెరుచుకునే కత్తి అడిగాడు. లోపల్నించి ప్రతిసారీ తిట్లు, శాపనార్థాలు, ఆ వెనకే ఒక పొట్లం.

"తోలు సంచిలో పెట్టకు. తోలు చెమ్మ పీలుస్తుంది, తుప్పు పడుతుంది."

"తెలుసు."

"అలుగు మీది నల్లచాయ రుద్ది తియ్యకు. అది మురికి కాదు, వయసు."

"నాకే చెప్తున్నారా? ఈ కీలుకి మేకు కొట్టిందెవరు?"

"కొట్టావులే, వంకరగా."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

పన్నెండోది చేతిలో పడగానే తమ్ముడు మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

"ఇక వస్తుంది. నేను బాదుతా, మీరు లాగండి."

సుత్తి ఎత్తి దబదబా బాదాడు, అవసరానికి మించి. వీధి చివర కుక్క మొరిగింది. ఆ మోతలోనే తలుపు వదులైంది. వ్యాపారి చెమటతో తడిసి బయటికి వచ్చి, గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

"నిలువునా దోచావు కదరా," అన్నాడు.

తమ్ముడు పొట్లాలు ఒక్కొక్కటే చొక్కా లోపల దాచుకున్నాడు, గుండెకి దగ్గరగా.

వ్యాపారి అలవాటు ప్రకారం లెక్క చూసుకున్నాడు. పోయినవి పన్నెండు కత్తులు. రాబడి, గుమ్మం దాకా వెళ్ళిన తమ్ముడు వెనక్కి తిరిగి అన్న ఒక్క మాట.

"ఈసారి ఆ లోపలి గడియకి కూడా ఒక చుక్క నూనె వెయ్యి అన్నయ్యా, నువ్వు పెట్టుకున్నప్పుడు కిర్రుమన్న చప్పుడు గోడ అవతల నాదాకా వినిపించింది."