స్నానం చేసి వచ్చేలోపు

“ఒక మనిషి స్నానం చేసి వచ్చేలోపు తాళంచెవి తయారైపోతుందాండీ?”

ఆ మాట చెవిన పడగానే ఐలయ్య చేతిలోని గుడ్డ ఆగిపోయింది. అప్పటిదాకా తాళంచెవులు కోసే పాత మిషనుకు పట్టిన ఇత్తడి పొడి తుడుస్తూ, బేరం కుదిరినట్టేనని సంబరపడుతున్నాడు.

ఎదురుగా నిలబడినామెకు ముప్పై అయిదేళ్లుంటాయి. మెడలో ఆఫీసు కార్డు. పేరు ఉమాశ్రీ అని చెప్పింది. రాయదుర్గంలో ఉద్యోగమట. మిషను అమ్ముతానన్న ప్రకటన ఫోన్లో చూసి, కొత్తగూడ ఫ్లైఓవర్ కింద ఐలయ్య డబ్బా కొట్టు వెతుక్కుంటూ వచ్చింది. తాళాలు విప్పి చూడడం, తాళంచెవులు చేయడం తనకో సరదా అంది. కొందరు మొక్కలు పెంచుకోరూ, అలాగట.

“స్నానమెందుకమ్మా, రెండు నిమిషాలల్ల అయితది,” అన్నాడు ఐలయ్య ఆచితూచి. “గని, ఎవరి స్నానం?”

ఆమె తడబడింది. “ఊరికే... మాటవరసకి అన్నానండి.”

తనే స్విచ్చి వేసింది. చక్రం కర్రుమంటూ తిరిగింది. ఉలిక్కిపడి వెంటనే ఆపేసింది.

“ఇంత చప్పుడా? తలుపు మూస్తే పక్కగదిలోకి వినపడుతుందంటారా? పోనీ, కింద దుప్పటి మడిచి వేస్తే?”

ఐలయ్య స్విచ్చి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. మొన్ననే పోలీసులు వచ్చి చెప్పిపోయారు. కోకాపేట వైపు ఫ్లాట్లలో వరుసగా దొంగతనాలు. ఒక్క తాళమూ పగల్లేదు, అన్నీ మారుతాళాల పనే. అనుమానం వచ్చి కూడా నోరు మెదపకపోతే నీ కొట్టుకే తాళం పడుతుందని కానిస్టేబుల్ అనిల్ మరీ మరీ చెప్పాడు.

“ఇది అమ్మేది లేదమ్మా.”

“అదేంటండీ! ఇప్పుడేగా ఇస్తానన్నారు?”

“మనసు మారింది.”

“అలా అనకండి. మీరు అడిగినదాని మీద ఇంకొంత వేసి ఇస్తాను.”

సరదాకి ఎవరైనా ఇంతగా బతిమాలుతారా? ఐలయ్య అనుమానం ముదిరింది. “మీ ఇంట్ల తాళం ఖరాబైతే చెప్పు బిడ్డా, నేనే వచ్చి చాబీ చేసిస్త.”

ఆమె ముఖం పాలిపోయింది. “వద్దండీ! మీరు మా ఇంటికి రాకూడదు. వాచ్‌మన్ కంట పడితే పెద్ద గొడవైపోతుంది.”

ఇంకేం కావాలి? “జర కూసో, చాయ్ తెస్త,” అని ఐలయ్య డబ్బా వెనక్కి నడిచాడు. ఫోను తీశాడు. నంబరు నొక్కబోయి ఆగాడు. చూస్తే చదువుకున్న ఆడమనిషి, ఆ కళ్లలో దొంగతనం కనపడదు. తనే పొరపడితే ఆమె బతుకు బజారున పడుతుంది. పొరపడకపోతే ఎవరిల్లో గుల్లవుతుంది. రెండోదే ఎక్కువ భయపెట్టింది. అనిల్‌కు చెప్పేశాడు.

“వస్తున్న. నేను వచ్చేదాక పోనియ్యకు,” అన్నాడు అనిల్.

ఐలయ్య తెచ్చిన చాయ్ ఆమె ముట్టుకోలేదు. మాటిమాటికీ ఫోన్లో టైమ్ చూసుకుంటోంది. “త్వరగా తేల్చండి. లంచ్ టైమ్ అయిపోతోంది.”

“సరే, ముందు నేర్చుకో మరి.” మిషనుకు తన గల్లాపెట్టె చెవి ఒకవైపు, ఇంకా పళ్లు కోయని కొత్త రేకు ఇంకోవైపు ఎలా బిగించాలో చూపించాడు. ఆమె వేళ్లు వణుకుతున్నాయి. మొదటిది పాడైంది. రెండోది సరిగ్గా వచ్చింది. అది తీసి గల్లాపెట్టె తాళంలో పెట్టి తిప్పితే టక్కున తెరుచుకుంది. ఉమాశ్రీ కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

చేయి తిరిగిన దొంగలకు వేళ్లు వణకవు. కొత్తగా దిగినవాళ్లకైతే వణుకుతాయేమో. ఐలయ్యకు ఎటూ తేలలేదు.

అంతలో మోటారుసైకిలు వచ్చి ఆగింది.

“ఏం మేడమ్, చాబీలు చేసుడు నేర్చుకుంటున్నరట?” అన్నాడు అనిల్.

ఉమాశ్రీ ఖాకీ బట్టల వంక చూసింది. తర్వాత ఐలయ్య వంక చూసింది. అతను తల దించుకున్నాడు.

“ఎవరింటికి చాబీ?”

“మా ఇంటికేనండి.”

“మీ ఇంటి చాబీ మీ దగ్గర లేదా?”

“వీధి తలుపుది ఉంది. లోపల ఒక గదిది లేదు.” “పొద్దున్నే మా ఆయన దానికి తాళం వేసుకుని వెళ్తే మళ్లీ రాత్రికే తీసేది. తాళంచెవి ఎప్పుడూ ఆయన జేబులోనే. స్నానానికి వెళ్లినప్పుడే బయట పెడతారు. ఒకసారి బయట నకలు చేయించాను. వాచ్‌మన్ చెబితే కనిపెట్టి తాళం మార్చేశారు. మళ్లీ చేయిస్తే మళ్లీ మార్చారు. అందుకే, ఎన్ని తాళాలు మార్చినా ఇంట్లోనే చేసుకునేలా మిషనే కొనుక్కుని దాచుకుందామని...”

“సరదా అంటివి గద బిడ్డా?” అన్నాడు ఐలయ్య.

“నిజం చెబితే పరువు పోతుందని అబద్ధమాడానండి. మధ్యాహ్నం ఒక్క అరగంట ఆ తలుపు తీయగలిగితే చాలు నాకు. ఆఫీసు ఇంటికి దగ్గరే, వెళ్లి రాగలను.”

అనిల్ నవ్వాడు. “పెండ్లాం కంట కూడ పడకుండ గంత బందోబస్తుగ ఏం దాచిండు మేడమ్ మీ ఆయన? బంగారమా?”

ఉమాశ్రీ మరోసారి టైమ్ చూసుకుంది. పెదవి కొరుక్కుంటూ, ఇద్దరిలో ఎవరి ముఖమూ చూడకుండా అంది.

“వాళ్ల అమ్మని.”