పాస్టరుగారి మీద గురి

తెల్లవారుజామున వంటింటి వెనక తుపాకీ తుడుస్తున్నట్టు నటిస్తూ, హిస్కియా దాని మీదున్న గురి దుర్భిణి మరను పైకి ఒక నిండు చుట్టు తిప్పేశాడు.

పావు చుట్టో అర చుట్టో తిప్పితే మర మీద అంకె మారిపోయి, దొర ఇట్టే పట్టేస్తాడు. నిండు చుట్టు తిప్పితే అంకె మళ్లీ సున్నా దగ్గరికే వచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. ముప్పై ఏళ్లుగా వేటగాళ్ల ముందు జాడలు చూస్తూ నడిచినవాడికి ఆ మాత్రం తెలియదా? ఇక గుండు పాస్టరుగారి వీపు మీంచి రెండడుగుల ఎత్తున పోతుంది. ఆ చప్పుడుకి ఆయన బెదిరి కొండల్లోకి పారిపోతాడు, మళ్లీ ఈ ఛాయలకు రాడు. హిస్కియాకు కావలసింది అంతే.

పాస్టరుగారంటే కుడూ, గుర్రమంత ఎత్తుండే అడవిజింక. మెలికలు తిరిగిన కొమ్ములు, వేలాడే గడ్డం, ఆదివారం ప్రసంగానికి లేచినంత గంభీరమైన ముఖం. తొమ్మిదేళ్ల కిందట తల్లి కంచెలో చిక్కి చచ్చిపోతే, హిస్కియా భార్య ఒటీలియే సీసాతో మేకపాలు పట్టి పెంచింది. వాళ్లకు పిల్లల్లేరు. పెద్దయ్యాక అడవిలో వదిలినా, హిస్కియా జేబులో తుమ్మకాయలుంటే చాలు, ఎక్కడున్నా వాసన పట్టి వచ్చేస్తాడు.

ఈ ఏడు మాత్రం ఆ వేటభూమి యజమాని హాన్యో దొర తేల్చి చెప్పేశాడు. పాస్టరుకి వయసైపోయింది, కొమ్ములు ఇంతకంటే పెరగవు, వచ్చే అతిథికి ఆయనే. ఆ మాట విన్న ఒటీలియే గిన్నె కింద పెట్టి, "ఆయన తల ఈ గుమ్మంలోకి వచ్చిన రోజున నేను మా అక్క ఊరికి వెళ్లిపోతా. మళ్లీ నా ముఖం చూడవు నువ్వు" అంది. అన్నంత పనీ చేసే మనిషి.

అతిథి పేరు టిబోర్. బుడాపెస్టులో గడియారాలు బాగుచేసుకునే మనిషి. వాళ్ల మామగారు పేరుమోసిన వేటగాడట. గోడకు ఒక్క తలైనా తగిలించని అల్లుడు క్రిస్మస్ భోజనానికి తన బల్ల దగ్గర కూర్చోనక్కర్లేదని, ఖర్చులన్నీ పెట్టుకుని ఆయనే పంపించాడు. మొదటిరోజు ఆనవాయితీ ప్రకారం వంద గజాల్లో అట్ట పెట్టి కొట్టించారు. మూడు గుండ్లూ ఒకే కన్నంలోంచి పోయాయి. హిస్కియాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

కానీ అడవిలోకి వెళ్లాక ఆ మనిషే వేరు. మొదటిరోజు పాస్టరు కనబడగానే వరసగా ఏడు తుమ్ములు తుమ్మాడు. రెండోరోజు ఆమడ దూరం గుప్పుమనే అత్తరు పూసుకొచ్చాడు. మూడోరోజు చదును నేల మీద కాలు తడబడి, నీళ్ల డబ్బాతో సహా దబ్బున పడ్డాడు. నాలుగోరోజు మెడనొప్పని ఎర్రటి శాలువా చుట్టుకొచ్చాడు. ఇంత పనికిమాలిన వేటగాణ్ణి హిస్కియా జన్మలో చూడలేదు. దేవుడే పంపాడనుకున్నాడు.

తన వంతుగా అతనూ తక్కువ చేయలేదు. మొన్నటి జాడలు చూపించి ఇవాళ్టివన్నాడు. గాలి వీపున పెట్టుకుని నడిపించాడు. సాయంత్రాలు దొర పళ్లు నూరేవాడు.

"నీకు చూపు ఆనట్లేదా హిస్కియా? లేక ఈయనగారికి వేట కాదు, పెళ్లి ఊరేగింపు కావాలా?"

ఇవాళ ఐదోరోజు. ఆఖరిది, అందుకే తెల్లారి మర తిప్పాల్సివచ్చింది. దొరే ముందు నడిచాడు. పొద్దెక్కాక టిబోర్ మొహమాటపడుతూ ఒంటేలుకి పొదచాటుకు వెళ్తానన్నాడు. హిస్కియా భుజాన ఉన్న తుపాకీ అడిగి తీసుకున్నాడు.

"దానికి తుపాకీ ఎందుకండీ?" అన్నాడు దొర.

"చిరుత వస్తేనో?"

చాలాసేపటికి తిరిగొచ్చాడు. ముఖం తేటపడి ఉంది. ఆపుకోలేక బాధపడ్డట్టున్నాడు పాపం, అనుకున్నాడు హిస్కియా.

అరగంట తర్వాత ముళ్లపొదలు చీల్చుకుని పాస్టరుగారు బయటికొచ్చాడు. నూట యాభై గజాల్లో అడ్డంగా నిలబడి, వీళ్ల వంక చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది హిస్కియాకు. తెల్లారి హడావిడిలో జేబులోంచి తుమ్మకాయలు తీసేయడం మరిచిపోయాడు.

అయినా అతనికి బెంగ లేదు. మూడుకాళ్ల కర్ర నిలబెట్టాడు. టిబోర్ తుపాకీ దాని మీద ఆనించాడు. దొర వెనకే నిలబడి తన దుర్భిణిలోంచి చూస్తున్నాడు. గొట్టం వెంట్రుకవాసి పక్కకు జరిగినా పట్టేసే మనిషి.

"భుజం వెనక, సరిగ్గా మధ్యలో కొట్టండి. కంగారేం లేదు" అన్నాడు హిస్కియా, తనే ముందుపడి.

"మధ్యలోనే కొడతాను" అన్నాడు టిబోర్. ఆ ముఖంలోనూ కంగారు లేదు. ఐదురోజుల్లో మొదటిసారి తుమ్మలేదు, పడలేదు.

తుపాకీ పేలింది. పాస్టరుగారు ఉన్నచోటే కుప్పకూలిపోయాడు. కాలైనా కొట్టుకోలేదు.

హిస్కియా తుపాకీ వంక చూశాడు. మర తిప్పింది తనే. కళ్లారా చూసి తిప్పాడు. దొర కేకవేసి పరుగెత్తాడు, వేలు నెత్తుట్లో ముంచి, తొలివేట ఆచారం ప్రకారం టిబోర్ రెండు బుగ్గలకూ పూశాడు. బండి తెస్తానని వెళ్లిపోయాడు. హిస్కియా పాస్టరు పక్కన కూలబడి జేబులోని కాయలు తీసి ఆ మూతి దగ్గర పెట్టాడు. ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియక ఏడ్చాడు.

ఎవరో పక్కన చతికిలబడ్డారు. చూస్తే టిబోర్. అతనూ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు, బుగ్గల మీద నెత్తురంతా కన్నీళ్లకు కారిపోతోంది.

"హిస్కియాగారూ, పొదచాటుకు వెళ్లినప్పుడు ఆ దుర్భిణి మరను కిందికి ఒక నిండు చుట్టు తిప్పేసి వచ్చానండీ నేను, ఇదెలా తగిలింది?"