ఇంటి సాళ్లు

దేశాల అభివృద్ధి మీద జనం అభిప్రాయాలడిగే సర్వేకొచ్చిన పద్మజ ఏడాది కారానికి ఐదు కిలోలు కావాలంటే, కల్లంలోని రాశి నుంచి మిరపకాయలు ఆమె సంచిలో పోస్తున్నాడు అంకమ్మరావు.

"బాబాయ్, అభివృద్ధిలో జపానుకు పదికి ఎన్ని మార్కులేస్తావు?"

"పది. పురుగుమందు ఎక్కువైతే కాయల్ని ఎనక్కి తోలుద్దంట."

"మన దేశానికో?"

"నాలుగెయ్యి. మనం ఏదైనా తింటాం."

తాలుకాయలు ఏరుతున్న అతని భార్య మంగమ్మ నవ్వింది. "మనమేడ తింటన్నాం? మందు కొట్టని రెండు సాళ్లు ఇంటికి ఉంచుకున్నాంగా. మనమూ జపానే."

పద్మజ కూడా నవ్వింది. అంకమ్మరావుకు మాత్రం నవ్వు రాలేదు.

"ఇంట్లో పిల్లలున్నారా అమ్మాయ్?"

"నాలుగేళ్ల పాప."

అతను సంచిని మళ్లీ రాశిలో బోర్లించి, ఇంటి కాయల గోతం విప్పాడు.

"అందులో ఉందే ఐదు కిలోలు. మరి మనకో?" అంది మంగమ్మ.

"ఈ ఏడు మనం ఇండియాలోనే ఉందాంలేవే."