మూడో మలుపులో నాలుగు సెకన్లు

“అబ్బాయ్, మూడో మలుపులో నాలుగు సెకన్లు పోగొట్టుకుంటా ఉండావు.”

దొరస్వామి కారు కింద నుంచి తల బయటపెట్టాడు. ఎవరో ముసలాయన. చేతిలో స్టాప్‌వాచ్, ఒక చీటీ.

మద్రాసు పక్కన షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద కార్ల రేసు మరునాడు. ముందు వరసలో ఎవరు నిలబడాలో తేల్చే పరుగు ఇంకో గంటలో.

“పొద్దున ప్రాక్టీసులో మొదటి రెండు మలుపుల దాకా నువ్వూ చక్రవర్తీ సరిసమానం. మూడోదానికొచ్చేసరికి నీ వెనక టైర్లు పట్టు వదిలేస్తా ఉండాయి. చూడు, నడిమధ్యనే అరిగింది. గాలి మీరిపోయింది.”

“గాలి కొట్టింది మా కోదండరాం. వాడికి తెలీని టైరు లేదు.”

“అతనే చక్రవర్తితో మాట్లాడుకున్నాడు. చెవులారా విన్నా. ఒక్కసారి కొలిచి చూసుకో నాయనా.”

దొరస్వామికి ఒళ్ళు మండింది. కోదండరాం పదేళ్ళ స్నేహితుడు. తుక్కు కింద పడి ఉన్న ఈ కారును మైలాపూరు ఇంటి పెరట్లో ఇద్దరూ కలిసి నిలబెట్టారు. ఆర్నెల్లు ఎదురుచూస్తే వచ్చాయి ఈ నాలుగు టైర్లు.

“పొద్దున నువ్వు చక్రవర్తి గుడారంలో కూర్చోనుంటే చూసినాలే. మా మధ్య పుల్ల పెట్టేదానికి వచ్చినావా? అసలెవరయ్యా నువ్వు?”

ముసలాయన చక్రవర్తి గుడారం వైపు ఒకసారి చూశాడు.

“ఎవరినైతే ఏమి? తప్పు జరగతా ఉంది, చెప్పినా.”

“పో అవతలికి!”

ఆయన చీటీని బానెట్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. దొరస్వామి దాన్ని నలిపి పారేశాడు.

గంట తర్వాత మూడో మలుపులో వెనక టైరు పేలింది. కారు గిర్రున తిరిగి గడ్డిలో పడింది.

దెబ్బలేమీ తగల్లేదు. లేచి, మిగిలిన వెనక టైరులో గాలి కొలిచాడు. ఇరవయ్యారు పౌన్లు ఉండాలి. నలభై రెండు ఉంది. వేడికి నాలుగైదు పెరిగిందనుకున్నా, లెక్క కుదరదు.

కోదండరాం చక్రవర్తి గుడారంలో చక్రం బిగిస్తున్నాడు.

“కోదండా, ఎందుకురా?”

“బొంబాయి రేసులకు పిలుచుకోని పోతా అన్నాడు,” అన్నాడు కోదండరాం, తలెత్తకుండా. “నీతో ఉంటే ఈ షోలవరమే కదా నాకు.”

దొరస్వామికి ఉన్నట్టుండి ముసలాయన గుర్తొచ్చి గేటు వైపు పరుగెత్తాడు. మద్రాసు బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోతోంది.

వెనక నుంచి చక్రవర్తి రొప్పుతూ వచ్చాడు. ముందు వరసలో మొదటి చోటు అతనిదే. ముఖంలో మాత్రం ఆ సంతోషం లేదు.

“ఈడ స్టాప్‌వాచ్ పట్టుకోని ఒక పెద్దాయన ఉన్నాడే, చూసినావా? రేపు నేను గెలిచేది చూడాలని పిలిపించుకుంటి. చెప్పకుండా వెళ్ళిపోయినాడు.”

“ఎవరాయన?”

“మా నాయన.”