పక్కదానికీ తగిలే దెబ్బ

నాలుగో ఆట కూడా ఓడిపోయి, కూతురు కంట్రోలర్‌ని మంచం మీద పడేసింది. సాయంత్రంలోగా వీడియో గేమ్ పోటీకి జట్టు ఖాయం చెయ్యాలి.

పొద్దుటి నుంచీ కుట్టుమిషన్ తొక్కి వచ్చిన అమ్మ, పిక్కలు నొక్కుకుంటూ టీవీ వంక చూసింది. "అంత బండ భూతాన్ని పెట్టుకుని ఎలా ఓడిపోతున్నావే?"

"దానితోనే వచ్చింది ఖర్మ! జంటల ఆట కదా, రెండేసి భూతాలు దిగుతాయి. ఈ పెద్దది నేలని గుద్దితే ఎదుటివాళ్లతో పాటు పక్కనున్న మన చిన్నదానికీ తగులుతుంది."

"మరి ఆ చిన్నదేం చేస్తుంది?"

"పెద్దది గుద్దబోయే ప్రతిసారీ డాలు అడ్డం పెట్టుకుంటుంది. దాని వంతంతా అందులోనే పోతుంది."

"పాపం, దానికి వేరే విద్యలేం రావా?"

"ఎందుకు రావూ? ఇంకో మూడొచ్చు. వాడే సందే దొరకదు."

వీధి తలుపు ధడేలుమంది. నాన్న చెప్పుల చప్పుడు వినగానే అమ్మ గబుక్కున టీవీ సౌండు తగ్గించి, భుజాలు ముడుచుకుంది.

"ఎక్కడ చచ్చారు అందరూ?" ముందుగదిలోంచి అరుపు.

అమ్మ లేవలేదు. "ఆ పెద్దదాన్ని జట్టులోంచి తీసేయొచ్చా?" అని మెల్లిగా అడిగింది.

"తీసేయొచ్చు. కానీ అది లేకుండా నెగ్గుకురాగలమా అని భయమమ్మా."

అమ్మ రిమోట్ తీసి, సౌండు మళ్లీ పెంచింది.

"నాకూ ఇరవై ఏళ్లుగా అదే భయం," అంది. "తీసెయ్."